ఎక్కణ్ణుంచి బయటికి?

ఒక వాక్యాన్ని ముట్టుకోకుండానే దాని అర్థం మార్చేయవచ్చని నాకు మొదటిసారి తెలిసింది సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఓ చిన్న ప్రోగ్రాం దగ్గర. అందులో ఒక లూప్ ఉంది, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే భాగం. అది ఫైల్లోంచి ఒక్కో ఆదేశాన్ని చదువుతుంది. ఆదేశం 'చేర్చు' అయితే ఒక పని, 'తీసెయ్' అయితే ఇంకో పని, 'ఆపు' అయితే బ్రేక్, అంటే లూప్‌లోంచి బయటికి. అంతా ఇఫ్-ఎల్స్‌లతో, అంటే 'ఇలా అయితే ఇది, లేకపోతే అది' అని, వరసగా రాసి ఉంది. ఆదేశాలు పెరిగేసరికి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని ఆ ఇఫ్‌ల గొలుసు తీసేసి స్విచ్ పెట్టాను, అంటే విలువని ఒకసారి చూసి దానికి తగిన కేస్‌కి పంపే వాక్యం. 'ఆపు' దగ్గరున్న బ్రేక్‌ని కదపలేదు. కంపైలర్, అంటే మన రాతని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం, ఏమీ అనలేదు. ప్రోగ్రాం మాత్రం 'ఆపు' అన్నా ఆగడం మానేసింది.

సీలో బ్రేక్ అంటే 'లూప్‌లోంచి బయటికి' అని కాదు. చుట్టూ ఉన్న లూప్‌లలో, స్విచ్‌లలో ఏది అన్నిటికన్నా దగ్గరో దాన్లోంచి బయటికి అని. నేను మధ్యలో ఓ స్విచ్ తెచ్చి పెట్టాను కాబట్టి బ్రేక్ ఆ స్విచ్‌ని దాటి, మళ్ళీ లూప్‌లోనే పడింది.

తెలుగులో "బయటికి రా" అని ఎవరైనా అంటే, ఎక్కణ్ణుంచో మామూలుగా మనకి తెలిసే ఉంటుంది. తెలియకపోతే "గదిలోంచా, ఇంట్లోంచా?" అని అడుగుతాం. ఆ 'లోంచి' అనే ముక్క ఎప్పుడూ ఒక పేరుని పట్టుకునే ఉంటుంది. బ్రేక్‌కి ఆ ముక్క లేదు. యంత్రం మనల్ని తిరిగి అడగదు కూడా. ఏ గుమ్మం దగ్గరైతే అదే దాటేస్తుంది. లూప్‌లని అదుపు చేసే మాటలు ఎలా ఉండాలన్న వాదన యాభై ఏళ్ళకు పైగా నడుస్తోంది. నా దృష్టిలో అందులో అసలు సంగతి ఈ లేని 'లోంచి'.

లూప్ అంటే ఒకే పనిని, షరతు నిలిచినంతసేపు, మళ్ళీ మళ్ళీ చేయమని యంత్రానికి చెప్పడం. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్‌లోనే డూ అనే లూప్ ఉంది. మధ్యలో బయటపడాలంటే మాత్రం గోటూయే దిక్కు: ఫలానా నంబరున్న వాక్యానికి వెళ్ళు అని. గోటూలో ఒక మంచి గుణం ఉంది, ఎక్కడికి వెళ్ళాలో అది విప్పి చెబుతుంది. దాని చిక్కంతా అవతలి కొసన. ఒక వాక్యం దగ్గర నిలబడి "ఇక్కడికి ఏ దారిన వచ్చాం?" అని అడిగితే, జవాబు ప్రోగ్రాంలో ఏ మూలనైనా ఉండొచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968 మార్చిలో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో అచ్చయిన ఉత్తరంలో ఎత్తి చూపింది దీన్నే. కాగితం మీద కనిపించే ప్రోగ్రాంకీ, యంత్రంలో నడిచే ప్రోగ్రాంకీ మధ్య ఎడం పెరిగితే మనిషి బుర్రకి అది అందదు. గోటూ హానికరమని చాటిన ఆ శీర్షిక ఆయన పెట్టింది కాదు, సంపాదకుడు నిక్లాస్ విర్త్ పెట్టింది.

దానికి రెండేళ్ళ ముందే, 1966లో, కొరాడో బోమ్, జూసెప్పే జాకొపీనీ ఒక రుజువు ఇచ్చారు. వరసగా చేయడం, రెంటిలో ఒకటి ఎంచుకోవడం, షరతు మీద మళ్ళీ చేయడం, ఈ మూడూ ఉంటే చాలు, ఏ ప్రోగ్రాం అయినా రాయొచ్చు. గోటూ లేకుండా బతకగలమని చెప్పడానికి చాలామంది ఈ రుజువునే చూపించారు. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ మూడింటితోనే సరిపెట్టుకోవాలంటే కొన్నిచోట్ల అదనంగా వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే పేర్లు, తెచ్చుకోవాలి. మనవాళ్ళు ఫ్లాగ్ అనేది అదే: 'దొరికింది' అని ఓ పేరు పెట్టి, అది నిజమా అబద్ధమా అని తిరిగిన ప్రతిసారీ చూసుకోవడం. అంటే గెంతడం పోలేదు, డేటాలో దాక్కుంది.

దీన్ని దగ్గర్నుంచి చూద్దాం. సంఖ్యలు ఒక్కొక్కటే వస్తున్నాయి. −1 రాగానే ఆపి, అంతవరకూ వచ్చినవాటి మొత్తం చెప్పాలి. నోటితో చెప్పమంటే ఎవరైనా ఇలాగే చెబుతారు:

ఆగకుండా:
    సంఖ్య చదువు
    అది −1 అయితే బయటికి
    మొత్తానికి కలుపు

బయటికెళ్ళే దారి నడిమధ్యలో ఉంది. వైల్ లూప్‌లో షరతు మొదట్లోనే ఉండాలి కాబట్టి, బ్రేక్ లేని భాషలో ఇదే పని ఇలా తిరగబడుతుంది:

సంఖ్య చదువు
సంఖ్య −1 కానంతసేపు:
    మొత్తానికి కలుపు
    సంఖ్య చదువు

'చదువు' రెండుసార్లు వచ్చింది. పైగా లూప్ లోపల, ముందు కలపడం తర్వాత చదవడం అయింది. కలిపేది ఈ విడత చదివిన సంఖ్య కాదు, కిందటి విడత చదివింది. అనుభవం ఉన్నవాళ్ళకి ఇది అలవాటైపోయి కనిపించదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఎలియట్ సోలోవే, జెఫ్రీ బోనార్, కేట్ ఎర్లిక్ 1983లో విద్యార్థుల మీద ఇలాంటి లెక్కతోనే పరిశీలన చేశారు. కొందరికి మామూలు పాస్కల్ భాష ఇచ్చారు, కొందరికి లూప్ మధ్యలోంచి బయటపడే మాట చేర్చిన పాస్కల్ ఇచ్చారు. రెండో రకం భాషలో, చదివి-చేసే పద్ధతిలో రాసినవాళ్ళ ప్రోగ్రాంలు ఎక్కువగా సరిగ్గా వచ్చాయి. మనిషి ఆలోచించే వరస ఏదో, భాష ఆ వరసనే రాయనిస్తే తప్పులు తగ్గుతాయన్నమాట. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. డొనాల్డ్ క్నూత్ 1974లో గోటూల మీద రాసిన పెద్ద వ్యాసంలో ఈ మధ్యదారి లూప్‌ని ప్రత్యేకంగా తీసుకుని, దీనికి భాషలోనే చోటు ఉండాలన్నాడు.

మధ్యలో బయటపడనివ్వాలి సరే, ఎంత లోతునుంచి? లూప్‌లో లూప్ ఉన్నప్పుడు లోపలిదాన్లోంచి వస్తే చాలా, రెండూ దాటి రావాలా? దీనికి గణితంలో జవాబు చెప్పినవాడు ఎస్. రావు కొసరాజు. గ్రాఫ్ అల్గారిదంలు చదివినవాళ్ళకి బాగా తెలిసిన పేరే. 1974లో ఆయన చూపించిందేమిటంటే, ఎన్ని పొరలైనా ఒక్కసారిగా దాటే బ్రేక్‌లు ఉంటే, గోటూలనీ అదనపు వేరియబుల్స్‌నీ రెంటినీ వదిలేయొచ్చు. అంతకన్నా నాకు నచ్చేది రెండో సగం. మీరు ఏ సంఖ్య చెప్పినా సరే, సరిగ్గా అన్ని పొరలు దాటే బ్రేక్ కావలసిన ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఒక్క పొర తగ్గినా, కొత్త వేరియబుల్ తెచ్చుకోకుండా దాన్ని తిరిగి రాయలేం. కాబట్టి దగ్గరి గుమ్మం ఒక్కటే దాటగలిగే బ్రేక్ ఎన్నటికీ చాలదు. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, రుజువైన సంగతి.

సీకి తాతలాంటి బీసీపీఎల్‌లో లూప్‌లోంచి బయటికి రావడానికి బ్రేక్, స్విచ్‌లో ఒక కేస్ ముగించడానికి ఎండ్‌కేస్ అని వేర్వేరు మాటలు ఉన్నాయి. సీలో ఆ రెండు పనులూ బ్రేక్ నెత్తినే పడ్డాయి. నా ప్రోగ్రాం ఆగకపోవడానికి మూలం అక్కడుంది. నాకు పోయింది ఓ సాయంత్రం మాత్రమే.

1990 జనవరి 15న పోయింది చాలా ఎక్కువ. ఆ మధ్యాహ్నం న్యూయార్కులో ఏటీ అండ్ టీ వారి దూరప్రాంత ఫోన్ ఎక్స్‌ఛేంజి కంప్యూటర్ ఒకటి చిన్న లోపంతో తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలైంది. అది మామూలే, వ్యవస్థని కట్టిందే అలా. మొదలవగానే "నేను తిరిగొచ్చాను" అన్నట్టు పొరుగు ఎక్స్‌ఛేంజీలకి సందేశాలు పంపింది. పొరుగు కంప్యూటర్ మొదటి సందేశం పనిలో ఉండగానే, వెనువెంటనే రెండోది వచ్చి పడింది. నెల కిందటే మార్చిన కోడ్ అప్పుడు నడిచింది. ఆ తర్వాత బయటికొచ్చిన వివరణ ప్రకారం దాని ఆకారం దాదాపు ఇది:

సందేశాలు ఉన్నంతసేపు:
    స్విచ్, సందేశం ఏ రకమో చూడు:
        కేస్, లోపలికొచ్చే సందేశం:
            పంపినది సేవలో లేదని రాసి ఉంటే:
                రాసే బఫర్ ఖాళీగా ఉంటే:
                    సేవలోకి వచ్చిందని గుర్తు పెట్టు
                లేకపోతే:
                    బ్రేక్
            సందేశాన్ని పరిశీలించి, పాయింటర్లు అమర్చు
            బ్రేక్
    ఆ పాయింటర్లతో మిగతా పని చెయ్

మొదటి బ్రేక్‌ని చూడండి. బఫర్, అంటే సందేశాలు తాత్కాలికంగా నిలిపే చోటు, ఖాళీగా లేనప్పుడు జరగాల్సింది, ఆ ఇఫ్ ఒక్కటీ దాటి, కింద పాయింటర్లు (డేటా ఎక్కడుందో చూపే గుర్తులు) అమర్చే వాక్యానికి రావడం. కానీ బ్రేక్‌కి ఇఫ్ కనబడదు. దానికి దగ్గరి గుమ్మం స్విచ్. దాన్ని దాటి నేరుగా చివరి వాక్యం మీద పడింది. పాయింటర్లు అమర్చనే లేదు, వాటితో పని మొదలైంది, ఉండాల్సిన డేటా చెరిగిపోయింది. కంప్యూటర్ ఆ తేడా పసిగట్టి తనని తాను ఆపుకుని మళ్ళీ మొదలైంది. మొదలవగానే తన పొరుగువాళ్ళకి "తిరిగొచ్చాను" అని పంపింది. వాళ్ళ దగ్గరా అదే కోడ్. దేశమంతటా ఉన్న 114 ఎక్స్‌ఛేంజి కంప్యూటర్లు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ లేస్తూ దాదాపు 9 గంటలు గడిపాయి. కోట్ల కొద్దీ కాల్స్ కలవలేదు.

పరీక్షలు తక్కువయ్యాయని అనొచ్చు, నిజమే. అయినా ఆ వాక్యం రాసినవాళ్ళని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు కదా అనిపిస్తుంది: ఎక్కణ్ణుంచి బయటికి? 'ఇఫ్‌లోంచి' అని రాయాల్సి వస్తే, అలాంటిది లేదని కంపైలరే చెప్పి ఉండేది.

కంటిన్యూ సంగతి కొంచెం వేరు. అది బయటికి పంపదు, ఈ విడతలో మిగిలిన పని వదిలేసి తర్వాతి విడతకి పొమ్మంటుంది. సీలో స్విచ్ దాన్ని అడ్డుకోదు, నేరుగా లూప్‌కే వెళ్తుంది. ఒకే చోట పక్కపక్కన కూర్చున్న బ్రేక్ ఒకదానికి, కంటిన్యూ ఇంకోదానికి చెందుతాయన్నమాట. పీహెచ్‌పీ అనే భాషలో స్విచ్ లోపల కంటిన్యూ అంటే బ్రేక్ అన్నట్టే. లెక్కింపు లూప్‌ని ఫర్‌తో రాస్తే కంటిన్యూ అన్నాక కూడా అంకె ఒకటి పెరుగుతుంది. అదే లూప్‌ని వైల్‌గా మార్చి, పెంచే వాక్యాన్ని చివర్లో పెడితే, కంటిన్యూ దాన్ని దాటేసి పోతుంది, లూప్ అదే అంకె దగ్గర శాశ్వతంగా తిరుగుతుంది. పాత ఫోర్ట్రాన్‌లో ఇదే పేరుతో ఉన్న వాక్యం అసలేమీ చేయదు, లూప్ చివర నంబరు తగిలించడానికి ఓ మేకు మాత్రమే. అందుకే తర్వాత ఫోర్ట్రాన్ 90లో ఈ పనికి సైకిల్ అని వేరే మాట తెచ్చారు.

'లోంచి' చేర్చడానికి భాషలు రెండు దారులు పట్టాయి. పీహెచ్‌పీది లెక్క: బ్రేక్ 2 అంటే రెండు పొరలు దాటు. ఇది నాకు నచ్చదు. రేపు ఎవరో మధ్యలో ఇంకో లూప్ పెడితే, 2 అన్న అంకె అక్కడే ఉంటుంది, అర్థం మారిపోతుంది. నా పాత స్విచ్ కథే మళ్ళీ. ఏడా, జావా, గో, స్విఫ్ట్, రస్ట్‌లది పేరు: లూప్‌కి 'వరసలు' అని పేరు పెట్టి, లోపల ఎక్కడున్నా 'బ్రేక్ వరసలు' అనడం (ఏడాలో బ్రేక్ బదులు ఎగ్జిట్). మధ్యలో ఎన్ని పొరలు వచ్చినా పోయినా దాని అర్థం మారదు. పేరు తప్పు రాస్తే కంపైలర్ పట్టుకుంటుంది. రస్ట్ ఇంకో అడుగు వేసింది. అందులో 'లూప్' అన్న మాటతోనే రాసే ఆగని లూప్‌లోంచి వస్తూ వస్తూ ఒక విలువని కూడా చేత్తో పట్టుకు రావొచ్చు. వెతుకుతున్న లూప్‌కి 'దొరికింది, ఇదిగో' అనడానికి ఫ్లాగ్ అక్కర్లేదు.

ఇంతకన్నా లోతైన ఆలోచన 1974లోనే చార్ల్స్ జాన్ చేశాడు, క్నూత్ దాన్ని మెచ్చుకున్నాడు కూడా. పేరు పెట్టాల్సింది లూప్‌కి కాదు, బయటికి వచ్చిన కారణానికి అని. 'దొరికింది', 'అయిపోయాయి' అని రెండు కారణాలు ముందే ప్రకటిస్తాం. లోపల వాటిలో ఒకటి అంటే లూప్ ముగుస్తుంది. ముగిశాక ఏ కారణానికి ఏం చేయాలో కింద విడివిడిగా రాసి ఉంటుంది. వెతుకులాటలో మనకి కావలసింది నిజంగా ఇదే. అది ఈ రూపంలో ఏ పెద్ద భాషలోకీ ఎక్కకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది. పైథాన్‌లో ఫర్‌కి ఎల్స్ తగిలించే వీలు దీనికి దగ్గర చుట్టం. బ్రేక్ తగలకుండా లూప్ పూర్తయితేనే ఆ ఎల్స్ నడుస్తుంది. కానీ ఎల్స్ అన్న మాట చూసి ఆ సంగతి ఎవరూ ఊహించలేరు.

అవతలి పక్షం మాటలోనూ బలం ఉంది. వైల్ లూప్‌లో బ్రేక్ లేకపోతే, లూప్ దాటిన మరుక్షణం మనకి ఒకటి ఖాయంగా తెలుసు: షరతు అబద్ధమైంది. లోపల ఏముందో చదవనక్కర్లేదు. ప్రోగ్రాం సరైనదని రుజువు చేయాలనుకునేవాళ్ళకి ఇది చాలా విలువైన హామీ. ఒక్క బ్రేక్ పెట్టినా ఆ హామీ పోతుంది, లోపలంతా వెతకాలి. తను తయారుచేసిన మాడ్యులా-2 భాషలో ఎగ్జిట్ అనే మాట పెట్టిన విర్తే, ఒబెరాన్-07 భాషకి వచ్చేసరికి దాన్ని తీసేశాడు. పైథాన్‌లో లూప్‌లకి పేర్లు పెట్టే ప్రతిపాదన 2007లో వచ్చినప్పుడు ఆ భాషని సృష్టించిన గైడో వాన్ రోసమ్ ఒప్పుకోలేదు. అంత చిక్కుపడ్డ కోడ్ అరుదు, చాలాసార్లు రిటర్న్‌తో, అంటే ఫంక్షన్‌లోంచే వచ్చేయడంతో, సరిపోతుంది అన్నాడు. రిటర్న్ నిజంగానే మంచి దారి. లోపలి లూప్‌ల జంటని విడిగా ఓ ఫంక్షన్ (పేరున్న ప్రోగ్రాం ముక్క) చేస్తే, రిటర్న్ అన్నప్పుడు ఎక్కణ్ణుంచో సందేహం రాదు, ఎందుకంటే ఫంక్షన్‌కి పేరుంది. అందుకే ఆ సలహా పనిచేస్తోందని నా నమ్మకం. ఆయన వద్దన్న పేరు మరో గుమ్మం మీద రాసి ఉంది, అంతే.

నా ఆదేశాల ప్రోగ్రాంని ఆ రోజు గోటూతో సరిచేశాను. లూప్ కింద 'ముగింపు' అని లేబుల్ పెట్టి, 'ఆపు' కేస్‌లో అక్కడికి పొమ్మన్నాను. సీలో ఏ గుమ్మమో చెప్పాలంటే 1968 ఉత్తరం తప్పుపట్టిన ఆ గోటూనే వాడాలి, లేకపోతే ఫ్లాగో రిటర్నో పట్టుకోవాలి. రాబోయే సీ ప్రమాణం ముసాయిదాలోకి మాత్రం ఇప్పుడు పేరున్న లూప్‌లు వచ్చాయి, 2025లో విడుదలైన జీసీసీ 15 కంపైలర్ వాటిని అర్థం చేసుకుంటుంది. మొన్న ఆ పాత ఫైల్ తెరిచి, వైల్‌కి ముందు 'ఆదేశాలు' అని పేరు పెట్టి, గోటూ తీసేసి, 'బ్రేక్ ఆదేశాలు' అని రాశాను. స్విచ్ ఎక్కడిదక్కడే ఉంది. 'ఆపు' అంటే ప్రోగ్రాం ఆగింది.