పనాహీ కెమెరా కారులోకి ఎలా చేరింది

ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీ మొదటి సినిమా ‘ది వైట్ బెలూన్’ (1995). ఇరానీల కొత్త సంవత్సరం నౌరోజ్ పండక్కి గోల్డ్‌ఫిష్ కావాలని ఏడేళ్ల పాప అమ్మను సతాయించి తెచ్చుకున్న 500 తోమాన్ల నోటు, మూసున్న దుకాణం ముందు ఇనప జాలీలోంచి కిందికి పడిపోతుంది. బెలూన్లమ్మే అఫ్గాన్ కుర్రాడి కర్రకి చూయింగ్ గమ్ అంటించి దాన్ని పైకి లాగుతారు. అంతే, పాప, వాళ్లన్న చేప తీసుకుని ఇంటికి పోతారు. పండగ పూట ఆ కుర్రాడొక్కడే మిగిలిన ఒక్క తెల్ల బెలూన్‌తో అక్కడ ఉండిపోతాడు. నన్నడిగితే పనాహీ మొత్తం ఆ చివరి షాట్‌లోనే ఉన్నాడు.

పిల్లల కథలతో బండి బాగానే నడిచింది. పెద్ద ఆడవాళ్ల కథ ఎత్తుకోగానే చిక్కొచ్చింది. ‘ది సర్కిల్’కి 2000లో వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది, సొంత దేశంలో నిషేధం పడింది. ఆడపిల్లవని కూతుర్ని ఫుట్‌బాల్ స్టేడియం గేటు దగ్గర ఆపేసిన అనుభవంలోంచి పుట్టిన ‘ఆఫ్‌సైడ్’ (2006) గతీ అదే. అబ్బాయిల వేషంలో మ్యాచ్‌కి దూరబోయి దొరికిపోయిన అమ్మాయిల కథ అది, 2005 ఇరాన్–బహ్రెయిన్ మ్యాచ్ నిజంగా జరుగుతుండగా తీశాడు. అదే ఆజాదీ స్టేడియంలోకి ఆడవాళ్లు టికెట్ కొనుక్కుని వెళ్లింది 2019 అక్టోబరులో. అదీ అంతకు నెల ముందు, మ్యాచ్‌కి వెళ్లినందుకు జైలు పడుతుందన్న భయంతో ఒకమ్మాయి నిప్పంటించుకుని చనిపోయాక, ఫీఫా గట్టిగా పట్టుబట్టాక.

2009 ఎన్నికల గొడవల్లో నిరసనకారుల పక్కన నిలబడ్డందుకు 2010 మార్చిలో అరెస్టు, డిసెంబరులో ఆరేళ్ల జైలుశిక్ష, 20 ఏళ్లు సినిమా తీయకూడదని తీర్పు. దాంతో ఇంట్లోనే కార్పెట్ మీద టేపు అంటించి, ఇదిగో ఇది గది, ఇది కిటికీ అంటూ తీయలేకపోయిన సినిమాని చెప్పుకుపోయాడు. పేరు ‘దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్’! కేకులో దాచిన పెన్‌డ్రైవ్‌లో అది కాన్స్ చిత్రోత్సవానికి చేరిందని చెప్పుకుంటారు. తర్వాత డ్యాష్‌బోర్డు మీద కెమెరా పెట్టి, టెహ్రాన్‌లో తనే టాక్సీ నడుపుతూ ‘టాక్సీ’ తీశాడు. 2015లో బెర్లిన్ చిత్రోత్సవంలో దానికొచ్చిన పెద్ద బహుమతి గోల్డెన్ బేర్‌ని, అందులో నటించిన చిన్నారి మేనకోడలు ఏడుస్తూ అందుకుంది, మామయ్యకి దేశం దాటే వీల్లేదు మరి.

2022 జులైలో తోటి దర్శకుడు రసూలోఫ్ అరెస్టు గురించి అడగడానికి వెళ్తే, పాత శిక్ష మిగిలుందని టెహ్రాన్‌లోని ఎవిన్ జైల్లో పెట్టేశారు. దాదాపు ఏడు నెలల తర్వాత, నిరాహార దీక్షకి కూర్చుంటే వదిలారు. జైలు అనుభవాలతో రహస్యంగా తీసిన ‘ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్’లో ఓ మెకానిక్, కళ్లకు గంతలున్నప్పుడు విన్న కృత్రిమ కాలి కిర్రుని బట్టి తనని హింసించినవాణ్ని పోల్చుకుంటాడు, కానీ వాడేనా అని అనుమానం. 2025లో దానికి కాన్స్‌లో పెద్ద బహుమతి పామ్ దోర్ వచ్చింది. ఈసారి తనే వెళ్లి అందుకున్నాడు, అందుకుని మళ్లీ టెహ్రాన్ విమానమే ఎక్కాడు.