సొర రెక్క పడవలో ఎందుకు కోయకూడదు?

పొద్దున్నే మా శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ఒడ్డుకి వెళ్తే, పడవని ఇసుక మీదకి లాగేలోపే బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు చుట్టూ చేరిపోతారు. మొన్న నేను వెళ్లినప్పుడు ఒకావిడ మూరెడు పొడవున్న పాలసొరని కత్తిపీట మీద కోస్తోంది. సొర అంటే షార్క్ చేప. సొరకి గీకడానికి పొలుసు ఉండదు. తోలు ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంటుంది, తోక వైపు నుంచి తల వైపుకి చెయ్యి రాస్తే గీసుకుపోతుంది. ముందు రెక్కలు కోసి పక్కన పెట్టింది. తర్వాత పొట్ట చీల్చి, పేగులు తీసేసి, వచ్చిన అలలోనే ముంచి కడిగింది. ఇంటికెళ్లాక వేడినీళ్లలో వేస్తే తోలు ఊడొస్తుంది. ఉడికిన ముక్కల్ని చేత్తో నలిపి పుట్టు చేస్తారు. పాలు బాగా పడతాయని మా వైపు బాలింతలకి పెట్టేది ఈ పుట్టే.

ఒడ్డు మీద ఆవిడ చేసిన పనిలో తప్పేమీ లేదు. అదే పని సముద్రంలో, పడవ మీద చేసి, రెక్కలు ఒక సంచిలో, ఒళ్లు ఇంకో చోట పెట్టి తెస్తే మాత్రం కుదరదు. సొర ఒంటికి రెక్కలు ఉండగానే ఒడ్డుకి రావాలని 2013 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పింది. శుభ్రత కోసం పెట్టిన రూలేమో అని చాలామంది అనుకుంటారు. శుభ్రత గొడవ వేరే ఉంది. 1997లో యూరప్ దేశాలు మన చేపల్ని, రొయ్యల్ని కొన్ని నెలలు ఆపేశాక ఎగుమతి ప్లాంట్లలో తనిఖీలు గట్టిపడ్డాయి. రెక్కల రూలుకి దానితో సంబంధం లేదు.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రిటిష్ వాళ్ల 1897 నాటి మత్స్య చట్టం ముఖ్యంగా చూసింది చేపని ఎలా పడుతున్నారన్నదే. మందుగుండు పేల్చకూడదు, నీళ్లలో విషం కలపకూడదు. వంశధారలోనైనా నాగావళిలోనైనా అదే మాట. పట్టిన చేపని ఏం చేసుకుంటారో ఆ చట్టానికి అక్కర్లేదు. దాదాపు వందేళ్ల తర్వాత, 1994లో, ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం వచ్చి, ఎక్కడ పడుతున్నారు, ఎప్పుడు పడుతున్నారు అని అడిగింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలది, మరబోట్లు దాని అవతలే వేటాడాలి. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. అది మొదట్లో మే 31 దాకా 47 రోజులే ఉండేది, 2015లో జూన్ 14 దాకా, 61 రోజులు చేశారు. ఆ రెండు నెలలకి ఇచ్చే భృతిని 20,000 రూపాయలకి పెంచి 2025 ఏప్రిల్‌లో మన జిల్లా బుడగట్లపాలెంలోనే పంపిణీ మొదలుపెట్టారు. కాబట్టి వేట నిషేధం గురించి ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

పట్టిన చేప ఒంటి దాకా చట్టం వచ్చింది మాత్రం సొరతోనే. ఆ కథ మొదలైన చోటు మనవాళ్లకి బాగా తెలిసిన గుజరాత్ రేవు వేరావల్. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఏటా వందల మంది కుర్రాళ్లు గుజరాత్ బోట్లలో పనికి వెళ్తారు. ఇక్కడ సరైన హార్బర్ లేదు, చిన్న పడవ మీద వచ్చేది ఇల్లు గడవడానికి చాలదు. ఆ బోట్లలో వెళ్లి పాకిస్తాన్ జైల్లో పడి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన మన మత్స్యకారులు అందరికీ గుర్తే. ఆ వేరావల్ చుట్టుపక్కలే 1990లలో వేల్ షార్క్‌ని పెద్ద ఎత్తున వేటాడారు. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది, ఒంటి నిండా తెల్ల చుక్కలు. మనిషిని ఏమీ చేయదు, నోరు తెరుచుకుని నీళ్లలోని సన్నటి జీవుల్ని వడకట్టుకుని తింటుంది. దాని కాలేయం నూనె పడవలకి పూయడానికి, మాంసం, రెక్కలు విదేశాలకి. 2001 మే నెలలో దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పులి ఎంతో అదీ అంతే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అదే ఏడాది జూలైలో సొరలు, టేకు చేపలు (రే చేపలు) మొత్తం అన్నీ నిషేధమని ప్రకటించారు. సొర ఎండబెట్టుకుని బతికే పల్లెలు తీరం పొడుగునా ఉన్నాయి. ఒక్క కాగితంతో వాళ్లందరినీ నేరస్తుల్ని చేశారు. గోల రేగింది. డిసెంబర్‌కల్లా వెనక్కి తగ్గి, వేల్ షార్క్, రంపం ముక్కు చేపలు లాంటి పది రకాలకే పరిమితం చేశారు. ఆ ఐదు నెలల అనుభవం చిన్నది కాదు. తీరం వాళ్లని అడక్కుండా రాసిన రూలు నిలబడదని అప్పుడే తేలింది.

మరి మిగతా సొరలు పట్టవచ్చు కదా, రెక్కతో పేచీ ఏంటి? పేచీ అంతా ధరలోనే ఉంది. ఎండబెట్టిన రెక్కకి తూర్పు ఆసియాలో సూప్ కోసం బోలెడు ధర, మాంసానికి దానితో పోలిస్తే ఏమీ లేదు. చాలా దేశాల బోట్లు రెక్కలు కోసుకుని, కొన్నిసార్లు ఊపిరి ఉండగానే, సొరని సముద్రంలోకి తోసేసేవి. దీన్ని ఆపడానికి యూరప్ వాళ్లు 2003లో ఒక లెక్క పెట్టారు: తెచ్చిన రెక్కల బరువు సొర బరువులో ఐదు శాతం దాటకూడదని. ఆ లెక్కలో కంత దొరికింది. సొర సొరకీ రెక్క బరువు మారుతుంది, కోసే చెయ్యిని బట్టీ మారుతుంది. ఈ సొర రెక్కలు, ఆ సొర ఒళ్లు కలిపి తూకం సరిపెట్టేయొచ్చు. పైగా కోసిన రెక్క చూసి ఇది ఏ రకమో చెప్పడం నిపుణుడికీ కష్టమే. ఇక రెక్క ఒంటికే ఉండాలి అనడం ఒక్కటే దారి అయింది. అమెరికా 2011 మొదట్లో, యూరప్ 2013లో ఆ రూలుకే వచ్చాయి. మన దేశమూ 2013లోనే. 2015లో సొర రెక్కల ఎగుమతినే ఆపేశారు.

ఇదే ఆలోచన చిన్న చేపల విషయంలోనూ కనిపిస్తుంది. కేరళ 2015లో, దేశంలో మొదటిసారి, ఇంత పొడవు లేని చేపని పట్టకూడదని కొలత పెట్టింది. కవళ్లకి (సార్డిన్) 10 సెంటీమీటర్లు, కానాగంతలకి (మాకెరెల్) 14. కొలిచేది మూతి నుంచి తోక చివరి దాకా. తలా తోకా తీసేసి తెస్తే స్కేలు ఎక్కడ పెట్టాలి? అమెరికాలో ఫ్లోరిడా తీరాన సరదాగా గాలం వేసేవాళ్లు కూడా చాలా రకాల చేపల్ని ఒడ్డు చేరేదాకా తలతో, రెక్కలతో అలాగే ఉంచాలి. తినడానికి కోసుకోవద్దని ఎవరూ అనలేదు. ఏ చేపో, ఎంత చేపో చూసి చెప్పగలిగేదాకా ఆగమన్నారు, అంతే.

నా బాధ ఏమిటంటే, ఈ కారణం మన ఒడ్డుకి చేరలేదు. కవళ్లు ఏడాది లోపే గుడ్లు పెడతాయి, పెద్ద జాతి సొరలు ఏళ్ల తరబడి పెరిగితే గానీ పిల్లల్ని పెట్టవు, పెట్టినా కొన్నే. ఈ లెక్క చెబితే అర్థం చేసుకోలేని మత్స్యకారుడు నాకు ఇంతవరకు కనపడలేదు. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి మరిన్ని సొరలు, టేకుల్ని రక్షిత జాబితాలో చేర్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ జాబితాలో పేర్లు లాటిన్‌లో, ఇంగ్లీషులో ఉంటాయి. మొదటి షెడ్యూల్ జీవిని చంపితే తక్కువలో తక్కువ మూడేళ్ల జైలు. ఇంత పెద్ద శిక్ష ఉన్నప్పుడు ఒడ్డున చేపల బొమ్మలు వేసి, మన పల్లెల్లో పిలిచే పేరు రాసిన బోర్డు ఒకటి పెట్టడం కనీస న్యాయం.

ఆ రోజు కళింగపట్నంలో ఇదంతా చెబుతుంటే, పాలసొర కోస్తున్న ఆవిడ కత్తిపీట మీంచి చెయ్యి తీయకుండానే అడిగింది: "మరి వల్లో పడి సచ్చిపోయిందాన్ని ఏటి సెయ్యాల బాబూ?" చట్టంలో దీనికి జవాబు ఉంది. షెడ్యూల్‌లో ఉన్న జీవి చచ్చి దొరికితే అది ప్రభుత్వ ఆస్తి. కోయకుండా, అమ్మకుండా, 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ అధికారులకి గానీ చెప్పాలి. బతికి ఉంటే వల కోసైనా వదిలేయాలి. గుజరాత్‌లో వేల్ షార్క్ కోసం అలా కోసిన వలకి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. ఆ మాట వినగానే ఆవిడ, పక్కన వల బాగుచేసుకుంటున్న ఇద్దరు మగవాళ్లు ఒక్కసారే తలెత్తి చూశారు. "ఇక్కడ ఇత్తారా?" అని అడిగారు.