లాగిన్ అయ్యాక ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్

చిరంజీవులిద్దరికీ ఆశీస్సులు.

అమీర్‌పేటలో జావా కోర్సు మొదలుపెట్టగానే మంచి ప్రశ్నే పట్టుకొచ్చారు. "ఆర్డర్ల పేజీ తెరవబోతే లాగిన్ అడిగింది, సరే. పాస్‌వర్డ్ కొట్టాక హోమ్ పేజీకి ఎందుకు తీసుకెళ్లింది పెదనాన్నా?"

మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గేటునే చూడండి. 402కి వచ్చిన చుట్టాన్ని వాచ్‌మన్ ఆపి, ఆఫీసు గదిలో పేరు రాయించి చీటీ తెమ్మంటాడు. బుర్ర ఉన్నవాడైతే 402 అన్నది గుర్తుంచుకుని, చీటీ చూడగానే అటే పంపుతాడు. మీ జావా యాప్‌కు కాపలా కాసే లైబ్రరీ స్ప్రింగ్ సెక్యూరిటీ పని కూడా అదే. లాగిన్ కాని రిక్వెస్ట్‌ను సెషన్‌లో (ఒక్కో బ్రౌజర్ కోసం సర్వర్ పెట్టుకునే ఖాతా) దాచి, 302తో (వేరే అడ్రసుకు వెళ్లమని బ్రౌజర్‌కు చెప్పే కోడ్) లాగిన్ పేజీకి పంపి, పాస్‌వర్డ్ కలిశాక దాచిన చోటికే తీసుకెళ్తుంది. మీ కోడ్‌లో డిఫాల్ట్‌సక్సెస్‌యూఆర్‌ఎల్‌కి (లాగిన్ అయ్యాక వెళ్లే అడ్రసు) హోమ్ తర్వాత ట్రూ అని ఇచ్చారు. ఎవరొచ్చినా క్లబ్‌హౌస్‌కే పంపు అన్నట్టు. ఆ ట్రూ తీసేయండి.

అసలు చిక్కు సెల్లార్‌తో. ఎ బ్లాకుకని లోపలికొచ్చినవాడు సెల్లార్ గుండా బి బ్లాకుకు పోతే వాచ్‌మన్‌కు తెలీదు కదా. జేఎస్ఎఫ్‌లో (జావాతో వెబ్ పేజీలు కట్టే పద్ధతి) బటన్ నొక్కితే బ్రౌజర్ పాత పేజీ అడ్రసుకే పోస్ట్ చేస్తుంది. స్ప్రింగ్ సెక్యూరిటీ ఫిల్టర్, అంటే మన వాచ్‌మన్, ఆ అడ్రసు చూసి వదిలేస్తుంది. సర్వర్ లోపలే పేజీ మారి, జవాబుగా అడ్మిన్ పేజీ వచ్చేస్తుంది! అడ్రస్ బార్‌లో మాత్రం పాత పేరే ఉంటుంది. అడ్మిన్‌కు మీరు రాసిన రూల్‌ను ఎవరూ అడగనే లేదు. అందుకే నావిగేషన్ ఫలితం (తర్వాతి పేజీ పేరుగా మీ మెథడ్ తిరిగిచ్చే మాట) చివర ప్రశ్న గుర్తు పెట్టి, ఫేసెస్-రీడైరెక్ట్=ట్రూ అని చేర్చండి. అప్పుడు బ్రౌజర్ కొత్త రిక్వెస్ట్‌తో గేటు మీదుగానే వస్తుంది. రిఫ్రెష్ కొడితే ఫారం రెండోసారి పోయే బెడద కూడా తప్పుతుంది. అయినా గేటుందని ఫ్లాటుకు తాళం వెయ్యకుండా ఎవరూ ఊరెళ్లరు. డేటా మార్చే సర్వీస్ మెథడ్‌కు ప్రీఆథరైజ్ (ఎవరు పిలవొచ్చో ముందే చూసే గుర్తు) పెట్టండి. దాన్ని పనిచేయించే ఎనేబుల్‌మెథడ్‌సెక్యూరిటీ కాన్ఫిగరేషన్‌లో లేకపోతే అది ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరికే పడుంటుంది, జాగ్రత్త.

జేఎస్‌పీ (హెచ్‌టీఎంఎల్‌లోనే జావా కలిపి రాసే పద్ధతి) వాడితే తంటా ఇంకోలా వస్తుంది. స్ప్రింగ్ సెక్యూరిటీ వెర్షన్ 6 నుంచి ఫార్వర్డ్‌లనూ (సర్వర్ లోపలే రిక్వెస్ట్‌ను వేరే పేజీకి అందించడం) తనిఖీ చేస్తుంది. లాగిన్ అడ్రసుకు పర్మిట్‌ఆల్ (అందరికీ అనుమతి) ఇచ్చినా, అది లోపలి జేఎస్‌పీకి ఫార్వర్డ్ కాగానే ఆపి మళ్లీ లాగిన్‌కే పంపుతుంది. ఇలా తిప్పితిప్పి చివరికి బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. డిస్పాచర్ టైప్ (రిక్వెస్ట్ ఏ దారిన వచ్చిందో చెప్పేది) ఫార్వర్డ్‌కు పర్మిట్‌ఆల్ ఇవ్వండి, పేజీకి రంగురూపులిచ్చే సీఎస్ఎస్ ఫైళ్లకూ ఇవ్వండి.

లాగిన్ పేజీకి జేఎస్ఎఫ్ ఫారం వద్దు. అది ప్రతి పెట్టె పేరుకు ముందు ఫారం పేరు తగిలిస్తుంది, యూజర్‌నేమ్ అని వెతికే ఫిల్టర్‌కు ఏమీ దొరకదు. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం రాసి, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను (ఫారం మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య చీటీ) హిడెన్ ఫీల్డ్‌గా పెట్టండి. టోకెన్ లేకపోతే పాస్‌వర్డ్ చూడకుండానే తిరగ్గొడుతుంది. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఇప్పుడు క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టి లాగిన్ అవ్వండి. ప్రతి 302 దగ్గరా లొకేషన్ హెడర్ (ఏ అడ్రసుకు వెళ్లాలో చెప్పే వరుస) చదవండి. మీ సెషన్ గుర్తును మోసే జేసెషన్‌ఐడీ కుకీ విలువను లాగిన్‌కు ముందొకసారి, తర్వాతొకసారి కాగితం మీద రాసుకోండి. రెండూ ఒకటి కావు. ఎందుకు మారిందో ఆదివారం వచ్చినప్పుడు మీరే నాకు చెప్పాలి.

మీ పెదనాన్న