విమానం తనంతట తానే వాలిపోతోందా? ముందు వాచీ తీయండి

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ అనుమానం వస్తుంది: నేను జాయ్‌స్టిక్ ముట్టుకోలేదు కదా, మరి విమానం ఎందుకు పక్కకు పోతోంది? వెంటనే చేసే పని సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవడం, ఆ తర్వాత పని మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. అన్ని గిగాబైట్లూ దిగేదాకా ఓపిగ్గా కూర్చుని మళ్ళీ ఎక్కితే, విమానం మళ్ళీ అటే పోతుంది. చాలాసార్లు అది ఎగరాల్సినట్టే ఎగురుతోంది మరి.

సెట్టింగులు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ వింత దేనితో పాటు మారుతోంది? ఇంజిన్ పవర్‌తోనా, వేగంతోనా, గడిచిన సమయంతోనా, స్క్రీన్ మీద ఫ్రేమ్ రేటుతోనా (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతోందో ఆ లెక్క), లేక దేనితోనూ మారకుండా ఎప్పుడూ ఒకేలా ఉందా? దీనికి జవాబు దొరికితే కారణం ఎక్కడుందో సగం తెలిసిపోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, టేకాఫ్‌లో ఎడమకు లాగడం. సెస్నా 172 లాంటి ఒకే ఇంజిన్ విమానంలో ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే, అంటే ఇంజిన్ పవర్ మొత్తం పెంచగానే, ముక్కు రన్‌వే ఎడమ అంచు వైపు తిరుగుతుంది. పైలట్ సీట్లోంచి చూస్తే ఆ ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, దానికి ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరగాలని చూస్తుంది. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి మెలితిరుగుతూ వెళ్ళి తోక నిలువు రెక్కను ఎడమ పక్క నుంచి కొడుతుంది, అంటే తోక కుడికి, ముక్కు ఎడమకు. ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు మరొకటి కలుస్తుంది: కిందికి దిగే కుడివైపు బ్లేడు, పైకి వెళ్ళే ఎడమవైపు బ్లేడుకన్నా ఎక్కువ కోణంలో గాలిని కోస్తుంది, కాబట్టి లాగే బలం కుడి పక్కన ఎక్కువై ముక్కు ఇంకాస్త ఎడమకు పోతుంది. నిజం పైలట్లు దీనికి కుడి రడ్డర్ (తోక నిలువు రెక్కలో కదిలే భాగాన్ని తిప్పే పెడల్) తొక్కుతారు. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ అయితే రెక్కల్నీ ప్రొపెల్లర్‌నీ చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క మీద గాలి బలం ఎంతో లెక్కకడుతుంది, అందుకే ఈ ఎడమ లాగుడులో చాలా భాగం ఆ లెక్కలోంచి దానంతట అదే పుట్టుకొస్తుంది. పరీక్ష కూడా తేలికే. కాస్త ఎత్తుకు వెళ్ళాక థ్రాటిల్ తగ్గించి చూడండి. లాగుడు తగ్గినా, కొద్దిగా కుడివైపుకు మారినా అది ప్రొపెల్లర్ పనే. ఇంకా నమ్మకం కుదరకపోతే యాక్-52 ఎక్కండి, దాని ప్రొపెల్లర్ వ్యతిరేక దిశలో తిరుగుతుంది కాబట్టి అది కుడికి లాగుతుంది.

పవర్ మార్చినా మారకుండా, సమయం గడిచేకొద్దీ పెరిగే ఒరుగుడు వేరే రకం. అది ఇంధనం. సెస్నా 172లో రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకునే అమరిక ఉంది గానీ పైపర్ చెరోకీలో ఎడమో కుడో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. విమానాల పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలోలు తూగుతుంది, అంటే 40 లీటర్ల తేడా వస్తే ఒక రెక్కలో దాదాపు 29 కిలోలు ఎక్కువ ఉన్నట్టు. అరగంటకోసారి ట్యాంకు మార్చడం చాలామంది పైలట్ల అలవాటు.

ఇక ఊగడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ ఒక్క వాచీతో దొంగను పట్టుకోవచ్చు.

స్టిక్ వదిలేశారు, విమానం మెల్లగా పైకెక్కుతుంది, వేగం తగ్గుతుంది, ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, ఇలా నిమిషాల తరబడి. ఒక ఊపు ఎంతసేపు పడుతోందో చూడండి. సెస్నా లాంటి విమానంలో ఇరవై సెకన్ల పైచిలుకు వస్తే దాని పేరు ఫ్యూగాయిడ్, ఇంగ్లండ్‌కు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1908లో పెట్టిన పేరు. ఉయ్యాల లాంటిదే ఇది: ఎత్తు వేగంగా మారుతుంది, వేగం ఎత్తుగా మారుతుంది. లాంచెస్టర్ లెక్క ప్రకారం ఒక ఊపుకు పట్టే సెకన్లు, సెకనుకు మీటర్లలో వేగాన్ని 0.45తో గుణిస్తే వస్తాయి. 100 నాట్లంటే సెకనుకు 51 మీటర్లు, కాబట్టి 23 సెకన్లు. విమానం బరువుతో గానీ సైజుతో గానీ దీనికి పని లేదు, వేగం ఒక్కటే చాలు (నిజం విమానాల్లో కొంత అటూ ఇటూ అవుతుంది, అయినా దగ్గరగానే ఉంటుంది). మీ సిమ్యులేటర్‌లో ఆ అంకె దగ్గరగా వచ్చిందంటే, ఆ విమానాన్ని తయారుచేసినవాళ్ళను తిట్టడం మాని మెచ్చుకోవాలి.

దీని వెనక ఉన్న సంగతి కొత్తవాళ్ళకు ఎవరూ సరిగ్గా చెప్పరు. ట్రిమ్ అంటే స్టిక్‌ను పట్టుకునే ఉండక్కర్లేకుండా చక్రం తిప్పి చేసే సర్దుబాటు. ట్రిమ్ చేసిన విమానం పట్టుకునేది ఎత్తును కాదు, వేగాన్ని. 90 నాట్లకు ట్రిమ్ చేసి పవర్ పెంచితే వేగం పెద్దగా పెరగదు, విమానం ఎక్కుతుంది. ఎత్తు నిలబడాలని ట్రిమ్ చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోతే, ఆ తిప్పడమే ఉయ్యాలను ఊపుతూ ఉంటుంది.

ఊపు రెండు మూడు సెకన్లలోనే ముగుస్తూ, అదీ మీ చెయ్యి స్టిక్ మీద ఉన్నప్పుడే వస్తుంటే, ఊపుతున్నది మీరే. విమానం స్పందించడానికి కొంచెం సమయం పడుతుంది, ఆ లోపలే మనం ఇంకాస్త లాగుతాం, తర్వాత కంగారుగా తోస్తాం. నిజం విమానాల్లో, యుద్ధ విమానాల్లో కూడా ఇది జరుగుతుంది. ఇంట్లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే చిన్న జాయ్‌స్టిక్ కొద్ది సెంటీమీటర్లు కదిలితే చాలు, నిజం విమానంలో పెద్ద యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) చేసే పనంతా అది చేసేస్తుంది. చెయ్యి తీసేయండి, ఊపు ఆగిపోతే స్టిక్ సెన్సిటివిటీ తగ్గించుకోండి.

మూడోది సన్నటి వణుకు. నేల మీద నిలబడ్డ విమానం గజగజలాడటం, చక్రాలు ఎగిరెగిరి పడటం, టైమ్‌ను నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో వేగం చేసినప్పుడు ఆటోపైలట్ పిచ్చెక్కినట్టు అటూ ఇటూ వాలడం. ఇది మాత్రం నిజంగా కంప్యూటర్ గొడవే. సిమ్యులేటర్ గాలినీ చక్రాలనూ ఆగకుండా లెక్కపెట్టదు, అడుగులు అడుగులుగా లెక్కపెడుతుంది. చక్రం కింది స్ప్రింగు గట్టిది, అడుగు మరీ పెద్దదైతే ఒక అడుగులో కావలసినదానికన్నా ఎక్కువ తోస్తుంది, తర్వాతి అడుగులో దానికి విరుగుడుగా ఇంకా ఎక్కువ. గ్రాఫిక్స్ తగ్గించి ఫ్రేమ్ రేటు పెంచి చూడండి, వణుకు తగ్గితే కారణం దొరికినట్టే. ఎక్స్-ప్లేన్‌లో ఫ్రేమ్ రేటు సెకనుకు 20 కన్నా తగ్గితే సిమ్యులేటర్ లోపలి గడియారమే నెమ్మదిస్తుంది, విమానం బురదలో ఎగురుతున్నట్టు అనిపించడానికి ఒక్కోసారి అదే కారణం.

దేనితోనూ మారని వింత అంటే జాయ్‌స్టిక్‌ను అనుమానించాలి. చవక స్టిక్కుల్లో కదలికను కొలిచేది పొటెన్షియోమీటర్, అందులో ఒక చిన్న కొన పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది, అది అరిగినా దుమ్ము చేరినా సిగ్నల్ ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్‌కు ఈ బాధ లేదు. సెట్టింగుల్లో స్టిక్ కదలికను చూపే యాక్సిస్ గీతను చూస్తూ చెయ్యి దూరం పెట్టండి, గీత దానంతటది గెంతితే ఇక వెతకడం ఆపొచ్చు. డెడ్ జోన్ (మధ్యలో స్టిక్ కదిలినా సిమ్యులేటర్ పట్టించుకోని మేర) పెంచి కప్పిపుచ్చొచ్చు గానీ, ఎక్కువ పెంచితే మధ్యలో స్టిక్ చచ్చినట్టుండి ఇందాక చెప్పిన రెండో రకం ఊపు మొదలవుతుంది. ఇంకో పాత జబ్బు, ఒకే పనికి రెండు పరికరాలు తగులుకోవడం. రడ్డర్ కోసం కొత్త పెడల్స్ గుచ్చగానే సిమ్యులేటర్ ఆ పని వాటికి తగిలిస్తుంది, పాత స్టిక్‌ను మెలితిప్పే కదలిక కూడా రడ్డర్‌గానే మిగిలి ఉంటుంది, రెండూ కొట్టుకుంటాయి.

ఆటోపైలట్ తీసేయగానే ముక్కు ఒక్కసారిగా లేచిందా? పవర్ తగ్గించి ఎత్తు పట్టుకోమన్నప్పుడు అది చడీచప్పుడు లేకుండా ట్రిమ్‌ను వెనక్కి తిప్పుతూ పోయి ఉంటుంది, పవర్ పెంచగానే ఆ ట్రిమ్ అంతా బయటపడుతుంది. కాక్‌పిట్‌లోని మీటర్ల విషయానికొస్తే, ఎత్తు చూపే ఆల్టిమీటర్ మూడొందల అడుగుల తేడా చూపిస్తే గాలి పీడనం సెట్ చేశారో లేదో చూడండి, ఒక్క హెక్టోపాస్కల్ (పీడనం కొలిచే ప్రమాణం) తేడాకు సుమారు 27 నుంచి 30 అడుగులు మారుతుంది. మేఘాల్లో ఉండగా వేగం మీటరు సున్నాకు పడిపోతే వేగం కొలవడానికి ఎదురుగాలిని పట్టే పిటో గొట్టంలో మంచు కట్టింది, హీటర్ వేయండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే గాలి లేని వాతావరణం పెట్టుకుని, సిమ్యులేటర్‌తో పాటే వచ్చిన విమానం ఎక్కి, పైలట్‌కు సాయం చేసే ఆప్షన్లన్నీ ఆపి చూడండి. అందులో బాగానే ఉంటే తప్పు బయటినుంచి తెచ్చిన యాడ్‌ఆన్‌లలో ఉంది. వాటిని ఒక్కొక్కటిగా తీయొద్దు, సగం ఒకేసారి తీసేయండి, జబ్బు ఏ సగంలో ఉందో ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. యాడ్‌ఆన్‌లు 32 ఉన్నా, దోషి ఒక్కటే అయితే, ఐదుసార్లలో దొరుకుతుంది. రెండు కలిసి కొట్టుకుంటుంటే మాత్రం ఇంకాస్త ఓపిక కావాలి.