కన్ను మూస్తే చచ్చిపోతానన్న మనిషి

చింటూ, బుజ్జీ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఒకరోజు రాత్రి ఒంటిగంటకు హాల్లో లైటు వేసుకుని కూర్చున్నారు, ఏంట్రా అంటే "పడుకుంటే మళ్ళీ అదే కల వస్తుంది తాతయ్యా" అన్నారు. అప్పుడు నాకు ఒక పాత అమెరికన్ టీవీ కథ గుర్తొచ్చింది. ఆ రాత్రే చెప్పి ఉంటే మీ అమ్మ నన్ను ఉతికి ఆరేసేది, అందుకే పగలు చదువుకోమని రాస్తున్నాను.

'ట్విలైట్ జోన్' అని రాడ్ సెర్లింగ్ నడిపిన కార్యక్రమం. మన సీరియళ్ళలా ఏళ్ళ తరబడి సాగదు, ఏ వారం కథ ఆ వారానిదే. అందులో 1959 నవంబరు 27న వచ్చింది 'పర్చాన్స్ టు డ్రీమ్', రాసింది చార్లెస్ బోమాంట్.

ఎడ్వర్డ్ హాల్ అనే గుండె జబ్బు మనిషి, మూడు నాలుగు రోజులుగా నిద్ర లేకుండా, తూలుతూ డాక్టరు దగ్గరికి వస్తాడు. అతనికి కలలు సీరియల్‌లా వస్తాయట, ఆగినచోటు నుంచే మళ్ళీ మొదలు! కలలో ఒక ఎగ్జిబిషను, అక్కడ మాయ అనే అమ్మాయి (అవును, పేరు నిజంగా మాయే, నాకైతే నవ్వొచ్చింది). ఆమె అతన్ని రోలర్ కోస్టర్ ఎక్కిస్తుంది. ఈసారి నిద్రపోతే ఆ భయానికి గుండె ఆగిపోతుంది, మేలుకునే ఉంటే ఆ అలసటకు ఆగిపోతుంది. ఎటూ దారి లేదు. ఆ కల భాగాలన్నీ కెమెరా వంచి తీశారు, చూస్తుంటే మనకే కాలు జారినట్టు ఉంటుంది.

ఇక చివర చెప్పేస్తున్నా, తిట్టుకోకండి. డాక్టరు గది బయట కూర్చున్న రిసెప్షనిస్టు అమ్మాయిని చూస్తే అచ్చం మాయే! హడలిపోయి కిటికీలోంచి దూకేస్తాడు. వెంటనే చూస్తే అతను సోఫా మీదే ఉన్నాడు, ప్రాణం లేదు. వచ్చి పడుకున్న రెండు క్షణాల్లోనే నిద్రపోయాడు, ఒక్క కేక వేసి పోయాడు అంటాడు డాక్టరు. పైగా ప్రశాంతంగానే పోయాడంటాడు! మనం చూసిందంతా అతని ఆఖరి కల.

ఇక్కడే ఒక చిన్న మోసం ఉంది. 1957లో డిమెంట్, క్లైట్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు, నిద్రలో కనుగుడ్లు చకచకా కదలడం మొదలయ్యాక మనుషుల్ని ఒక్కోసారి 5 నిమిషాలకు, ఒక్కోసారి 15 నిమిషాలకు లేపి, కల ఎంతసేపు వచ్చిందో చెప్పమన్నారు. చాలామంది సరిగ్గానే చెప్పారు. అంటే అంత పొడుగు కల రెండు క్షణాల్లో ఇమడదన్నమాట. పైగా అలాంటి నిద్ర మామూలుగా పడుకున్న గంటన్నరకు గానీ రాదు. ఆ సమయంలో గుండె కాస్త వేగంగా, తడబడుతూ కొట్టుకోవడం మాత్రం నిజమే, మీకు దడదడమని మెలకువ వచ్చేది అందుకే. చేతులూ కాళ్ళూ అప్పటికి కదల్లేనంతగా సడలిపోయి ఉంటాయి కాబట్టి కలలో ఎంత పరిగెత్తినా మంచం దిగలేరు.

అయినా బోమాంట్‌ను నేను క్షమించేశాను. ఎందుకో చూడండి, కథ మొదట్లో హాల్ ఆ సోఫా మీద పడుకుని ఒక్కసారి కళ్ళు మూస్తాడు, తరువాత లేచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని పట్టించుకోనేలేదు.

మీ తాతయ్య