ఉప్పుగాలిలో పాత విమానం: అపోహలు - వాస్తవాలు

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి, రిటైరయ్యాక కాకినాడలో స్థిరపడ్డాను. పాత విమానం ఎక్కడ నిలబెట్టారన్నా, దాని ముక్క ఎక్కడ దొరికిందన్నా వెళ్లి చూసి రావాల్సిందే. అక్కడ ప్రేమతో చెప్పే మాటలే కొన్ని ఆ విమానాలకు చేటు చేస్తున్నాయి.

అపోహ: అల్యూమినియానికి తుప్పు పట్టదు.

ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. తెల్లపొడిగా రాలిపోతుంది. విమానం రేకు వంటింటి గిన్నెలాంటిది కాదు. బలం కోసం అందులో సుమారు 4 శాతం రాగి కలుపుతారు. ఆ రాగి వల్లే ఉప్పు తగిలితే రేకు త్వరగా పాడవుతుంది. ఉక్కు బోల్టు బిగించిన చోట ఉప్పుతడి చేరిందా, బోల్టు బాగానే ఉంటుంది, చుట్టూ అల్యూమినియం కరిగిపోతుంది.

అపోహ: ఏటా రంగు వేయిస్తే చాలు.

కిందటి కార్తీకంలో మన కోనసీమలో ఒక కాలేజీ ఆవరణలో ఉన్న జెట్ విమానం చూడటానికి వెళ్లాను. రంగు కొత్తగా నిగనిగలాడుతోంది. పొట్ట కింద చేత్తో తడిమితే, రేకుల్ని కలిపి బిగించే రివెట్ల వరుస పొడవునా పొక్కులు. పిన్నీసు మొనతో ఒకటి గుచ్చితే తెల్లపొడి రాలింది. లోపల చేరిన నీళ్లు పోవడానికి పొట్ట అడుగున పెన్సిలంత కన్నాలుంటాయి. వాటినే డ్రెయిన్ హోల్స్ అంటాం. అన్నింటినీ రంగుతో పూడ్చేశారు. వెదురుపుల్లతో ఒకటి తెరిచాను. ముందు కందిరీగలు పెట్టిన మట్టి ఊడిపడింది, వెనకే నల్లటి నీళ్లు. వానలు వెలిసి మూడు వారాలైనా బకెట్ నిండేదాకా కారుతూనే ఉన్నాయి. నాకు చాలా బాధేసింది. ఆ కన్నాలు తెరిచి ఉంచడం రంగు డబ్బాకు పెట్టిన ఖర్చులో పైసా కూడా అక్కర్లేని పని.

వానలకు ముందొకసారి, తుఫాను వెళ్లాక మరోసారి ఆ కన్నాలు చూడండి. మంచినీళ్లతో మెల్లగా కడగండి. మోటారు పెట్టి జోరుగా కొడితే నీళ్లు అతుకుల్లోకి దూరతాయి. టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్ల మీద నిలబెట్టండి.

అపోహ: బూడిదతో తోమితే కొత్తదవుతుంది.

దయచేసి వద్దు. చాలా విమానాల రేకు మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర సన్నగా ఉంటుంది. రేకుకు కాపలా అదే. తోమితే ముందు పోయేది ఆ పొరే. పాత రంగు, దాని మీది అక్షరాలు కూడా విమానం చరిత్రే.

అపోహ: సముద్రంలో దొరికిన ముక్కను వెంటనే ఆరబెట్టాలి.

ఉప్పాడ వైపు ఒక కుర్రాడి వలకు రివెట్లున్న రేకుముక్క చిక్కింది. ఫోన్ చేసి, "ఎండలో పెట్టామండీ, సాయంత్రానికి ఆరిపోద్ది" అన్నాడు. "ఆరనివ్వకు నాయనా, టబ్బులో మంచినీళ్లు పోసి ముంచు, రోజూ నీళ్లు మార్చు" అన్నాను. ఆరితే లోపలి ఉప్పు గడ్డకట్టి రేకును పొరలుగా చీలుస్తుంది. 2013లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ఇంగ్లిష్ చానల్ సముద్రంలోంచి పైకి తీసిన జర్మన్ డోర్నియర్ బాంబర్‌ను కూడా ఆరబెట్టలేదు. సిట్రిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు నెలల తరబడి చల్లుతూ శుభ్రం చేశారు. బాంబులా, తూటాలా కనిపించేది దొరికితే మాత్రం ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధకాలం విమానాలు మన ఒండ్రులో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖల మీద బాంబులు వేశాయి. అది చరిత్ర. అప్పటినుంచి కథలూ పెరిగాయి. బర్మాలోనూ పెట్టెల్లో పాతిపెట్టిన స్పిట్‌ఫైర్లు (బ్రిటిష్ యుద్ధవిమానాలు) ఉన్నాయన్న కథ నమ్మి 2013లో రంగూన్ విమానాశ్రయం దగ్గర తవ్వారు. ఒక్కటీ దొరకలేదు. పలుగు పట్టేముందు ఆనాటి రికార్డులు చదవాలి.

అపోహ: విరగ్గొట్టేసిన విమానం ఇక తుక్కే.

యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలేశారు. బెంగళూరు విమాన కర్మాగారం హెచ్‌ఏఎల్ వాళ్లు వాటినే బాగుచేసి మన వాయుసేనకు ఇచ్చారు. 1968 దాకా పనిచేశాయి. బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ మనం ఇచ్చిందే!

అపోహ: పాత విమానం మీటర్ డయల్ చీకట్లో వెలగడం లేదు, ఇక ప్రమాదం లేదు.

చీకట్లో కనబడాలని ఆ డయళ్లకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వేసేవారు. వెలుగునిచ్చే రసాయనం అరిగిపోయింది, రేడియం అలాగే ఉంది. అది సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పకండి, గీకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.