బీఎడ్‌కు ఎస్‌జీటీ పోస్టులు: ఆశ పెట్టిన ఆ అయిదేళ్లు

తెలంగాణలో కొత్త డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామకం) మాట వినబడితే చాలు, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) పోస్టులకు బీఎడ్ వాళ్లను ఎందుకు రానివ్వరు? డిగ్రీ అయ్యాక ఇంకో రెండేళ్లు చదివినవాళ్లు ఒకటో తరగతికి పనికిరారా, ఇంటర్ తర్వాత డీఎడ్ చేసినవాళ్లు పనికొస్తారా అని అడుగుతారు. వినగానే న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది.

ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2018 జూన్ 28 దగ్గర ఆగాలి. ఆ రోజు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఎడ్ ఉన్నవాళ్లు ఒకటి నుంచి అయిదో తరగతి దాకా కూడా చెప్పవచ్చని, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తి చేస్తే సరిపోతుందని దాని సారాంశం.

అప్పటిదాకా నిబంధన వేరు. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక, 2010 ఆగస్టు 23న ఇదే మండలి కనీస అర్హతలు ఖరారు చేసింది. ప్రాథమిక తరగతులకు డీఎడ్ ఉండాలంది. బీఎడ్ వాళ్లకు 2012 జనవరి 1 వరకే మినహాయింపు ఇచ్చింది. 2017లో తెలంగాణలో వేసిన ఉపాధ్యాయ నియామక పరీక్షలోనూ ఎస్‌జీటీ పోస్టులు డీఎడ్ వాళ్లకే. అలాంటిది 2018లో తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. పిల్లల చదువు మీద కొత్త అధ్యయనం ఏదో చూసి మండలి మనసు మార్చుకుందా అంటే, అదీ కాదు. కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది, మండలి పాటించింది.

దీన్ని రాజస్థాన్‌లో డీఎడ్ అభ్యర్థులు కోర్టుకు తీసుకెళ్లారు. 2021 నవంబరు 25న ఆ రాష్ట్ర హైకోర్టు నోటిఫికేషన్‌ను కొట్టేసింది. అక్కడైనా మన అధికారులు ఆగాల్సింది. ఆగలేదు. నాలుగు నెలలకే, 2022 మార్చిలో వచ్చిన టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) నోటిఫికేషన్‌లో బీఎడ్ వాళ్లకూ ప్రాథమిక తరగతుల పేపర్-1 రాసే అవకాశం ఇచ్చారు. అంతకుముందు వాళ్లు పై తరగతుల పేపర్-2 ఒక్కటే రాసేవాళ్లు. ఇక రెండు పేపర్లకూ ఫీజు, రెండింటికీ కోచింగ్, రెండింటికీ పుస్తకాలు. చిక్కడపల్లి లైబ్రరీలో మూడో తరగతి తెలుగు వాచకం ముందేసుకుని ఎమ్మెస్సీ బీఎడ్‌లు కూర్చున్న రోజులవి.

2023లో అయితే తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆగస్టు 1న టెట్ నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష సెప్టెంబరు 15న. సరిగ్గా ఆ మధ్యలో, ఆగస్టు 11న, దేవేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ సుధాంశు ధూలియా ధర్మాసనం రాజస్థాన్ హైకోర్టు మాటే ఖాయం చేసింది. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత కాదని తేల్చింది. అదే సెప్టెంబరులో వచ్చిన 5,089 పోస్టుల డీఎస్సీలో ఎస్‌జీటీ మళ్లీ డీఎడ్ వాళ్లకే దక్కింది. ఆ నోటిఫికేషన్ రద్దయి 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో మరొకటి వచ్చింది. అందులోనూ అంతే.

తీర్పులోని వాదన మన దగ్గర సరిగా చర్చకు రాలేదు. ఉచిత నిర్బంధ విద్య అంటే నాణ్యమైన విద్య అని కోర్టు గుర్తు చేసింది. చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి డీఎడ్‌లో నేర్పుతారు, బీఎడ్ హైస్కూలు కోసం పుట్టిన కోర్సు అని చెప్పింది. బీఎడ్ పెద్ద చదువు కదా అన్న మాట అక్కడ నిలవలేదు.

ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలోకి వెళ్లి చూస్తే ఇది తెలుస్తుంది. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఒకే గదిలో ఒకటో తరగతి పిల్ల పలక మీద 'త'కూ 'న'కూ తేడా తెలియక తడబడుతుంటుంది, పక్క వరసలో మూడో తరగతి వాళ్లు అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర ఆగిపోతారు. ఆ పిల్లకు తేడా కంటితో తెలియడం లేదా, చెవితోనా అన్నది టీచరు పట్టుకోవాలి. పట్టుకునేలోపు మిగతా వాళ్లకు ఏదో పని అప్పజెప్పాలి. డీఎడ్ చెప్పే డైట్ కాలేజీలో రెండేళ్లూ నేర్పేది ఈ పనే. అన్ని సబ్జెక్టులూ చెప్పడం, రెండు మూడు తరగతులను కలిపి నడపడం అక్కడి టీచింగ్ ప్రాక్టీసులో భాగం. బీఎడ్‌లో మెథడాలజీ ఎంచుకున్న సబ్జెక్టుకే. ఫిజికల్ సైన్స్ తీసుకున్న విద్యార్థి హైస్కూలు తరగతికి కాంతి పరావర్తనం మీద లెసన్ ప్లాన్ రాసి, చార్టు గీసి, పీరియడ్ చెప్పి వస్తాడు. మంచి శిక్షణే. ఆరు నెలల బ్రిడ్జి కోర్సుతో అది ఒకటో తరగతి శిక్షణగా మారిపోదు.

బీఎడ్ వాళ్ల బాధ మాత్రం అబద్ధం కాదు. 2024 డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులు 6,508, బీఎడ్ వాళ్లకు దక్కే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం పదోన్నతులకు పోతాయి, నేరుగా భర్తీ చేసేది 30 శాతమే. వాళ్లకు మిగిలే వాటా మొదటే చిన్నది. దానికి తోడు 2008 డీఎస్సీ గాయం ఒకటుంది. అప్పుడు ఇద్దరికీ అర్హత ఉన్న ఎస్‌జీటీ పోస్టుల్లో 30 శాతం తర్వాత డీఎడ్ వాళ్లకు కేటాయించారు. దాంతో నష్టపోయిన బీఎడ్ అభ్యర్థులు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2025లో కాంట్రాక్టు ఉద్యోగం అందుకున్నారు. కొందరికి అప్పటికే రిటైర్మెంట్ దగ్గరపడింది.

కానీ ఆ 70-30 ప్రభుత్వాలు పెట్టుకున్న లెక్క, వాటిని అడగాల్సిన విషయం. ఒకటో తరగతి పిల్లల దగ్గర ఆ లోటు పూడ్చుకోవడం కుదరదు. పైగా 2018 ఉత్తర్వు వల్ల తెలంగాణలో లాభపడిన బీఎడ్ వాళ్లు ఎవరు? 2017 అక్టోబరు తర్వాత 2023 సెప్టెంబరు దాకా ఇక్కడ డీఎస్సీయే లేదు. వేరే రాష్ట్రాల్లో ఆ అయిదేళ్లలో నియమితులైన వాళ్ల ఉద్యోగాలను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కాపాడింది, బ్రిడ్జి కోర్సు చేయాలన్న షరతు మీద. మన వాళ్ల చేతిలో మిగిలింది పేపర్-1 సర్టిఫికెట్. టెట్‌కు జీవితకాలం చెల్లుబాటు ఉంది కాబట్టి అది ఎప్పటికీ చెల్లుతుంది, వాడుకోవడానికి పోస్టు లేదు. రాజస్థాన్ తీర్పు చూశాక కూడా ఇక్కడ పేపర్-1కు ఫీజు కట్టించుకున్నందుకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు డిగ్రీ, బీఎడ్ కలిపి చదివే నాలుగేళ్ల సమీకృత కోర్సు వస్తోంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో 2023-24లోనే మొదలైంది. ఇందులో విద్యార్థి ఏ దశ పిల్లలకు చెప్పాలనుకుంటున్నాడో కోర్సులోనే ఎంచుకుంటాడు, శిక్షణా దానికి తగ్గట్టే ఉంటుంది. కానీ ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాసి మామూలు బీఎడ్‌లో చేరేవాళ్లు ఇంకా వేలల్లో ఉన్నారు. ఈ కోర్సుతో ఎస్‌జీటీ పోస్టుకు అర్హత రాదని కౌన్సెలింగ్ రోజునే, ఫీజు కట్టకముందే, వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి.